1200 సక్షనా, 1400 సక్షనా అనేది తర్వాత, ముందు పైపు దారి చూడండి

మీరు అడిగింది ఇదీ: కొత్త ఫ్లాట్, వంటగది 8 అడుగులు బై 10 అడుగులు, హాల్లోకి తెరిచే ఉంటుంది, మూడు బర్నర్ల స్టవ్. పొగ లాగే చిమ్నీ 1200 సక్షన్‌ది (అంటే గంటకి అన్ని ఘనపు మీటర్ల గాలి లాగేది) కొనాలా, 1400దా? ఫిల్టర్ ఉన్నది మంచిదా, లేనిదా? ఆటో క్లీన్ నిజంగా పనిచేస్తుందా? చివర్లో, మీ అమ్మగారికి పోపు ఘాటు పడక దగ్గు వస్తోందని కూడా రాశారు. ఆ మాట చూసే ఇంత వివరంగా రాస్తున్నానండీ. మా ఇంట్లో చిమ్నీ మాట మొదలైంది కూడా మా అత్తయ్యగారి దగ్గు వల్లనే.

మాది మియాపూర్‌లో మూడో అంతస్తు. చిమ్నీ కొన్నప్పుడు మేమూ మీలాగే అంకె చూసుకున్నాం. షాపులో 1200 అన్నారు, పెద్ద అంకె కదా అని తీసుకున్నాం. బిగించడానికి వచ్చినతను గోడకి అప్పటికే ఉన్న 4 అంగుళాల కన్నం చూసి, "ఇది చాలు మేడమ్, మళ్ళీ గోడ కొట్టడం ఎందుకు" అన్నాడు. చిమ్నీ మూతి 6 అంగుళాలు. దానికి ఒక చిన్న మూతి తగిలించి, 4 అంగుళాల ముడతల పైపు పెట్టి, అటక మీదుగా మూడు వంకరలు తిప్పి యుటిలిటీ బాల్కనీలోకి వదిలాడు. అంతా కలిపి 14 అడుగులు. పైన కప్‌బోర్డు మూసేశాక చూడ్డానికి చక్కగా ఉంది. మాకేం తెలుస్తుంది?

ఆ ఆదివారం చేపలు వేయించాం. మూడో స్పీడులో పెడితే పక్కనున్న మనిషి మాట వినపడనంత రొద. పొగ మాత్రం స్టవ్ మీంచి లేచి, గాజు అంచు దాకా వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం ఆగి, మెల్లగా హాల్లోకి తిరిగేది. అత్తయ్య తన గదిలో తలుపేసుకుని కూర్చున్నా దగ్గు ఆగలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకతను వచ్చి చూసి, "మీ వంటకి ఈ సక్షన్ చాలదు, పెద్దది తీసుకోండి" అని చెప్పి వెళ్ళాడు.

మా పక్క ఫ్లాట్ ఆయన ఏసీ డక్టుల పని చేస్తారు. ఆయన్ని పిలిస్తే చేతిలో ఏ పనిముట్టూ లేకుండా వచ్చి, దేవుడి గూట్లోంచి ఒక అగరుబత్తి ఇమ్మన్నారు. వెలిగించి ముందు బర్నర్ అంచు దగ్గర పట్టుకుని చిమ్నీ వేయమన్నారు. పొగ అటూ ఇటూ ఊగి బయటికే వచ్చింది. తర్వాత ఆయన స్టూలెక్కి, చిమ్నీ నెత్తి మీది పైపుని ఊడదీసి పక్కన పెట్టి, మళ్ళీ వేయమన్నారు. అదే మిషను, అదే స్పీడు. ఈసారి అగరుబత్తి పొగ దారం లాగినట్టు నిటారుగా లోపలికి పోయింది. రొద కూడా సగానికి సగం తగ్గింది. "మోటారుకి ఏ లోపమూ లేదమ్మా, దానికి దారి లేదు" అన్నారు.

లెక్క తర్వాత ఆయనే చెప్పారు. 6 అంగుళాల పైపు నోటి వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు. 4 అంగుళాల పైపుది పన్నెండున్నర. చూడ్డానికి రెండంగుళాలే తేడా, కానీ గాలికి దారి సగం కంటే తక్కువైపోయింది. ఆ పైన ప్రతి వంకర దగ్గరా గాలి కొట్టుకుని ఆగుతుంది. ముడతల పైపుని పూర్తిగా సాగదీయకుండా వదిలేస్తే లోపల ప్రతి ముడతా ఒక అడ్డే, అక్కడే జిడ్డు కూడా చేరుతుంది. మావారు మర్నాడే కోర్ కటింగ్ వాళ్ళని, అంటే మిషనుతో గోడకి గుండ్రంగా కన్నం కోసేవాళ్ళని, పిలిపించారు. స్టవ్ వెనక గోడ ఎలాగూ బయటి గోడే, కాబట్టి చిమ్నీకి సరిగ్గా పైన పెద్ద కన్నం వేయించి, 6 అంగుళాల పైపు, ఒకే ఒక్క వంకర, మొత్తం 4 అడుగులతో బయటికి తీసుకెళ్ళాం. కొత్త చిమ్నీ కొనలేదు. ఐదేళ్ళ నుంచీ అదే మిషను నడుస్తోంది, మిరపకాయలు వేయించినా అత్తయ్య హాల్లో కూర్చునే టీవీ చూస్తారు.

అందుకని మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: 1200 మీకు పుష్కలంగా సరిపోతుంది. కావాలంటే లెక్క చూడండి. మీ వంటగది 8 బై 10, ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు అనుకుంటే 760 ఘనపుటడుగులు, అంటే దాదాపు 21.5 ఘనపు మీటర్లు. గదిలో గాలి గంటకి పది పదిహేనుసార్లు మారితే మామూలు వంటకి చాలంటారు. ఆ లెక్కన గంటకి 320 ఘనపు మీటర్లు. హాల్లోకి తెరిచి ఉంది కాబట్టి, మన వంటలో వేపుళ్ళూ పోపులూ ఎక్కువ కాబట్టి, దాన్ని రెట్టింపు చేసుకోండి. అయినా 650 దాటదు. డబ్బా మీద రాసే 1200 అనేది అన్నిటికంటే పై స్పీడులో, దాదాపు ఏ అడ్డూ లేనప్పుడు వచ్చే అంకె. పైపు తగిలించాక అది తగ్గుతుంది. ఎంత తగ్గాలన్నది మీ పైపు చేతిలో ఉంది. 1400 మిషనుకి కూడా మూతి 6 అంగుళాలే అయితే, అదే దారిలోంచి ఇంకా ఎక్కువ గాలిని తోయాలి, అంటే ఇంకా ఎక్కువ రొద. రొద ఎక్కువైతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు: వంట చేసేవాళ్ళు విసుగొచ్చి ఆపేస్తారు. ఆపేసిన చిమ్నీకి ఎంత సక్షన్ ఉంటే ఏం లాభం?

వెడల్పు మాత్రం తగ్గనివ్వకండి. మూడు బర్నర్ల స్టవ్ మీద 60 సెంటీమీటర్ల చిమ్నీ పెడితే పక్క బర్నర్ల పొగ అంచు దాటి పోతుంది. స్టవ్‌ని కొలిచి, కనీసం అంతకు తగ్గకుండా చూసుకోండి. మీకు 75 అయినా ఉండాలి, చోటుంటే 90 తీసుకోండి. ముందుకి ఎంత వస్తుందో కూడా చూడండి. గోడకి ఏటవాలుగా ఉండే మోడళ్ళు కంటికి బాగుంటాయి, తలకి తగలవు. కానీ మనం మూకుడు పెట్టేది సాధారణంగా ముందు బర్నర్ మీద. షాపులో కింద నిలబడి, ముందు బర్నర్ చిమ్నీ నీడలోకి వస్తుందా రాదా అని ఊహించుకోండి.

ఎత్తు: గ్యాస్ స్టవ్ నుంచి చిమ్నీ అడుగు దాకా 26 నుంచి 30 అంగుళాల మధ్య ఉంచుతారు. మీరు కొన్న మోడల్ పుస్తకంలో రాసిన కొలతే ఖాయం చేసుకోండి. మరీ కిందికి పెడితే మంట వేడికి జిడ్డుకి నిప్పంటుకునే ప్రమాదం, మరీ పైకి పెడితే పొగ పక్కలకి పోతుంది. మాది 28. ఇడ్లీ పాత్ర మూత తీయడానికి చోటుంది, అత్తయ్యకి పైన మీట అందుతుంది. బిగించేటప్పుడు మీ అమ్మగారిని అక్కడ నిలబెట్టి చెయ్యి చాపమనండి.

ఇక ఫిల్టర్ సంగతి. మూడు రకాలు చూస్తారు. సన్నటి జాలీలాంటి మెష్ మన నూనెకి వారం పది రోజుల్లో పూడుకుపోతుంది, దాని జోలికి వెళ్ళకండి. బాఫిల్ అంటే వంపు తిరిగిన స్టీలు పట్టీల వరస. గాలి ఆ వంపుల్లో చటుక్కున మలుపు తిరిగి వెళ్ళిపోతుంది, బరువుగా ఉన్న నూనె తుంపరలు అంత తొందరగా తిరగలేక పట్టీకి కొట్టుకుని అతుక్కుంటాయి. అందుకే అది మెష్‌లా పూడుకుపోదు. మూడోది ఫిల్టర్‌లెస్. ఇందులో నూనె నేరుగా ఫ్యాన్ దాకా వెళ్తుంది, ఫ్యాన్ తిరిగే వేగానికి దాని చుట్టూ ఉన్న డబ్బా గోడలకి చిమ్మి, కింద నూనె చేరే కప్పులోకి జారుతుంది.

ఆటో క్లీన్ అంటే చాలామంది చిమ్నీ తనంతట తానే శుభ్రపడుతుందనుకుంటారు. ఎక్కువ మోడళ్ళలో అది లోపల ఉన్న హీటరు. మీట నొక్కితే ఫ్యాన్ చుట్టూ గడ్డకట్టిన జిడ్డుని కరిగించి కప్పులోకి దించుతుంది, అంతే. పైపులో జిడ్డుని తీయదు, బయటి గాజుని తుడవదు, కప్పు మనమే తీసి పారబోయాలి. పైగా జిడ్డు పల్చగా ఉన్నప్పుడే కరుగుతుంది. విజయవాడలో మా చెల్లెలు ఫిల్టర్‌లెస్ కొని ఎనిమిది నెలలు ఆ మీట ముట్టుకోలేదు. తర్వాత నొక్కితే ఏముంది, జిడ్డంతా బంకలా అయిపోయింది. సగం కరిగి, సగం కరగక, ఒకరోజు ఉడుకుతున్న పప్పులోకి చుక్కలు పడ్డాయి. మనిషిని పిలిపించి మొత్తం విప్పించి కడిగించాల్సి వచ్చింది.

నా అభిప్రాయం: ఇంట్లో పదిహేను రోజులకోసారి ఫిల్టర్ తీసి కడిగే ఓపిక ఎవరికైనా ఉంటే బాఫిల్, దాంతోపాటు ఆటో క్లీన్ ఉంటే మరీ మంచిది. ఎవరికీ తీరిక లేదంటే ఫిల్టర్‌లెస్ తీసుకోండి, కానీ నెలకోసారి మీట నొక్కడం క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. కడగడం పెద్ద పనేం కాదు. నేను రాత్రి సింకులో వేడినీళ్ళు నింపి, గిన్నెల సబ్బు, ఒక గుప్పెడు చాకలి సోడా వేసి నానబెడతాను. పొద్దున్నకి పసుపు పచ్చటి జిడ్డంతా తేలిపోతుంది, పాత బ్రష్‌తో ఒక చుట్టు తోమితే చాలు. ఇది స్టీలు ఫిల్టర్‌కే. అల్యూమినియందైతే సోడా వేయకండి, నల్లబడిపోతుంది.

పైపు లేకుండా బొగ్గు ఫిల్టర్‌తో నడిచేవి కూడా షాపులో చూపిస్తారు. గాలిని వడకట్టి మళ్ళీ వంటింట్లోకే వదులుతాయి. వాసన కొంత తగ్గుతుందేమో గానీ ఆవిరీ వేడీ ఎక్కడికీ పోవు, బొగ్గు కొన్ని నెలలకోసారి మార్చాలి. ఎండుమిరపకాయల పోపుకి అవి ఆనవు. అంతకంటే, అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకి నేను చెప్పేది స్టవ్‌కి దగ్గరగా, ఎత్తులో, బయటి గోడకి ఒక మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్. నేరుగా గోడలోంచి తోసేటప్పుడు అది చాలా గాలి తోస్తుంది. దానికి పైపు తగిలించి మలుపులు తిప్పితే మాత్రం తోయలేదు. చిమ్నీలో ఫ్యాన్ వేరు, అది ఒత్తిడి మీద తోసేలా చేసింది.

చిమ్నీ పెట్టాక చాలా ఇళ్ళలో చేసే పొరపాటు, కిటికీలూ తలుపులూ అన్నీ మూసేసి వేయడం. లోపలికి గాలి రాకపోతే బయటికి ఏం పోతుంది? స్టవ్‌కి దూరంగా ఉన్న కిటికీ ఒకటి కాస్త తెరిచి ఉంచండి. వంటింట్లో సీలింగ్ ఫ్యానూ, పక్కనే ఉన్న ఎగ్జాస్టూ ఆపేయండి, అవి పొగని పక్కకి లాగేస్తాయి. పోపు పెట్టడానికి రెండు నిమిషాల ముందే చిమ్నీ వేయండి, దించాక ఐదు పది నిమిషాలు నడవనివ్వండి. కరెంటు గురించి బెంగ వద్దు. 200 వాట్ల మోటారు రోజుకి గంట నడిస్తే నెలకి 6 యూనిట్లు.

పైపు బయటి కొసకి మూత తప్పనిసరి. మా హైదరాబాద్ పావురాల సంగతి మీకు తెలిసిందే కదా. పై అంతస్తు వాళ్ళు కొస తెరిచి వదిలేసి ఊరెళ్ళి వచ్చేసరికి పైపులో పుల్లలూ ఈకలూ, రెండు గుడ్లు. రెక్కల మూతలు దొరుకుతాయి, గాలి వస్తే తెరుచుకుని ఆగితే మూసుకుంటాయి. సన్నటి దోమల జాలీ మాత్రం కట్టకండి, జిడ్డుకి పూడుకుపోతుంది. పైపుని బాత్రూముల షాఫ్టులోకి వదలమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీ చేపల పులుసు పై వాళ్ళ బాత్రూం కిటికీలోంచి లోపలికి వెళ్తుంది, వాళ్ళ పొగ మీకు వస్తుంది.

ఇంకోటి, మీ అమ్మగారి దగ్గుని ఘాటే కదా అని తేలిగ్గా తీసుకోకండి. బాగా కాగిన నూనెలో వేయించేటప్పుడు వచ్చే పొగని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న కేన్సర్ పరిశోధన సంస్థ, 'బహుశా కేన్సర్ కలిగించేవి' అనే 2ఎ వర్గంలో చేర్చింది. మా అమ్మ కట్టెల పొయ్యి మీద ఊదుగొట్టంతో ఊదుతూ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. గ్యాస్ వచ్చాక మసి పోయింది గానీ మూకుట్లో లేచే పొగ పోలేదు.

ఫ్లాట్ ఇంకా చేతికి రాలేదన్నారు కాబట్టి మీకు సమయం ఉంది. టైల్స్ వేయకముందే, మాడ్యులర్ కిచెన్ వాళ్ళు కొలతలు తీయకముందే 6 అంగుళాల పైపుకి కన్నం వేయించండి, చిమ్నీ వెనక పై భాగంలో ప్లగ్ పాయింటు పెట్టించండి. మీది మైవాన్ కట్టడమైతే (ఇటుకలు లేకుండా అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టేది) గోడలన్నీ కాంక్రీటే, బిల్డరు అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ఏ కట్టడమైనా బీములూ పిల్లర్లూ ఉన్న చోట అసలు కొట్టకూడదు. మీ స్టవ్ వచ్చే గోడకి అవతల ఏముంది, బయలా, యుటిలిటీయా, పక్క ఫ్లాటా? అది చెప్పండి, పైపు ఎటు తిప్పితే తక్కువ వంకరలు పడతాయో మా పక్కింటాయన్ని అడిగి రాస్తాను.