గెడ్డ గట్టు లేపితే వరద ఆగుతుందా?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా మెంటాడ వైపు ఊరు. కొండల మీంచి దిగే గెడ్డ (వాగు) మా పొలాల మధ్య నుంచి పారి చంపావతి నదిలో కలుస్తుంది. తుపాను వాన పడినప్పుడల్లా గెడ్డ పొంగి వరి మునిగిపోతోంది. గట్టుకు గండి పడితే ఇసుక మేటలు కూడా. పొక్లెయిన్ పెట్టి గెడ్డను తిన్నగా తవ్వించి, మా వైపు గట్టు రెండు మీటర్లు లేపుదామని ఊళ్లో చందాలు వసూలు చేస్తున్నారు. చేయించమంటారా?

జవాబు: ఆ డబ్బు అప్పుడే పొక్లెయిన్‌కి ఇవ్వకండి. వంపులు తీసేసి తిన్నగా తవ్విన గెడ్డలో నీళ్ల వేగం పెరుగుతుంది. ఆ వేగానికి అడుగూ గట్టూ కోసుకుపోయి, ఆ మట్టీ ఇసుకా అంతా వాలు తగ్గిన చోట, అంటే మీ కింది ఊరి పొలాల్లో దిగుతుంది. మీ వైపు మాత్రమే గట్టు లేపితే నీళ్లు అవతలి ఒడ్డు రైతుల మీదికి వెళ్తాయి, వచ్చే ఏడు వాళ్లూ లేపుతారు. ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు. గట్టు ఎత్తుగా ఉంటే మీ పొలంలో పడ్డ వాన నీళ్లు గెడ్డలోకి తిరిగి దిగే దారి ఉండదు. వరద తీసిన తర్వాత కూడా వరి రోజుల తరబడి నీళ్లలోనే నిలబడుతుంది.

ముందు చేయాల్సింది నడవడం. జులైలోనో ఆగస్టులోనో మంచి వాన పడిన మర్నాడు, ఎగువ ఊరి వాళ్లను కూడా ఇద్దరిని వెంటబెట్టుకుని, గెడ్డ వెంట కింది నుంచి కొండ దాకా వెళ్లండి. ఎక్కడ ఒడ్డు కోసుకుపోతోంది, ఇసుక ఏ పాయలోంచి వస్తోంది, ఏ కల్వర్టు దగ్గర చెత్త అడ్డుపడింది, ఏ చెరువు అలుగు (మిగులు నీళ్లు పొర్లే చోటు) మూసేశారు, ఇవన్నీ ఒక కాగితం మీద గీసుకోండి. సచివాలయంలో సర్వేయర్‌ని అడిగి ఎఫ్ఎంబీలో (సర్వే కొలతల పుస్తకంలో) గెడ్డ పోరంబోకు వెడల్పు ఎంతో చూడండి. కాగితం మీద ఉన్న వెడల్పు నేల మీద సగం కూడా లేకపోతే, మీ వరదకు ఒక కారణం అక్కడే దొరికినట్టు. ఆక్రమించింది మన చుట్టమైనా సరే, ఆ మాట గ్రామసభలో అనాల్సిందే.

పని కొండ నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. కింద చెక్‌డ్యామ్ ముందు కట్టేసి పైన ఏమీ చేయకపోతే, కొన్నేళ్లకే అది పూడికతో నిండిపోతుంది. వాలు మీద అడ్డంగా, ఒకే మట్టంలో కందకాలు తవ్వాలి, తవ్విన మట్టి దిగువ వైపు పోయాలి. చిన్న పాయల్లో రాళ్ల కట్టలు వేయాలి. కట్ట మధ్యభాగం పక్కల కంటే పల్లంగా ఉండాలి, లేకపోతే నీళ్లు పక్కల్ని కోసుకుని కొత్త దారి చేసుకుంటాయి. కింది కట్ట పైమట్టం, దాని పైనున్న కట్ట అడుగు మట్టానికి సమానంగా వచ్చేలా దూరం పెట్టుకోండి. కొండ అటవీ శాఖదైతే వాళ్ల అనుమతి లేకుండా గునపం వేయకండి. వన సంరక్షణ సమితి ఉంటే దాని ద్వారా వెళ్లడం తేలిక.

అయితే కందకాలు తవ్వేస్తే తుపాను వరద ఆగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. లెక్క చూడండి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4 వేల లీటర్లు. నాలుగు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతున్న కందకంలో వెయ్యి లీటర్లు పడతాయి. ఎకరానికి 80 తవ్వితే 80 వేల లీటర్లు, అంటే 20 మి.మీ. పారుదలకు సరి. ఒక్క రోజులో 200 మి.మీ. కురిస్తే ఎకరానికి 8 లక్షల లీటర్లు పడతాయి, కొంత ఇంకినా మిగతాదంతా కిందికే. మరి ఎందుకు తవ్వాలి అంటే, ఏడాదిలో పడే మామూలు వానలన్నిటికీ మట్టి కొండ మీదే ఆగుతుంది, గెడ్డ అడుగు మేట వేసి పైకి లేవదు, తుపాను వచ్చిన రోజున నీళ్లు పట్టడానికి గెడ్డలో చోటుంటుంది. నేలలో తడి దిగి బావుల్లో నీళ్లు నిలవడం అదనపు లాభం.

రోడ్డు కింద తూముల సంగతి కూడా చూడండి. మీ గెడ్డలోకి 500 ఎకరాల నీరు దిగుతుందనుకుందాం. గంటకు 60 మి.మీ. వేగంతో వాన పడి, అందులో 40 శాతం పారినా సెకనుకు సుమారు 13 వేల లీటర్లు వస్తాయి. రెండడుగుల పైపు ఒకటి సెకనుకు ఆరేడు వందల లీటర్ల కంటే ఎక్కువ లాగడం కష్టం. మూడు పైపులు వేసి పైన రోడ్డు పోస్తే అది రోడ్డు కాదు, ఆనకట్ట. నీళ్లు పైకి పొర్లేలా కాజ్‌వే గానీ పెద్ద కల్వర్టు గానీ కావాలని మీ ఊరి, ఎగువ ఊరి సర్పంచులిద్దరూ కలిసి తీర్మానం పెట్టండి. అలాగే చెరువులో నీళ్లు ఎక్కువ నిలవాలని అలుగు మీద ఇసుక బస్తాలు వేసే అలవాటు మన జిల్లాల్లో ఉంది, సెప్టెంబరు దాటాక అది ప్రాణాల మీదికి తెస్తుంది. పై చెరువు తెగితే ఆ దెబ్బకు కింది చెరువులు కూడా వరసగా తెగుతాయి.

ఇదంతా చేశాక కూడా గట్టు కావాలనిపిస్తే, గెడ్డ అంచున కాకుండా వెనక్కి జరిపి వేయండి, మధ్యలో వరద పరుచుకోవడానికి నేల వదలండి. పొలం నీళ్లు బయటికి దిగడానికి తూము పెట్టండి. ఒడ్డు మీద వట్టివేరు, వెదురు నాటండి. కందకాలు, రాళ్ల కట్టలు, చెరువు పూడిక, సన్నకారు రైతుల పొలం గట్లు ఉపాధి పనుల్లో పెట్టించుకునే అవకాశం ఉంది, డ్వామా (జిల్లా నీటి యాజమాన్య సంస్థ) అధికారుల్ని అడగండి. చందా డబ్బును ఆ పనుల్లో రాని వాటికి దాచుకోండి.

ప్రశ్న: శ్రీకాకుళం దగ్గర నాగావళి ఒడ్డున మా పొలం. ఇక్కడ వాన లేకపోయినా వరద వస్తుంది. కందకాలు, రాళ్ల కట్టల్లాంటి వాటర్‌షెడ్ పనులు మాకు పనికొస్తాయా? ముంపు తట్టుకునే వరి రకం స్వర్ణ సబ్-1 వేస్తే చాలా?

జవాబు: మీ వరద మీ ఊరి పనులతో తగ్గదు. నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి వస్తోంది, అక్కడ కురిసిన వాన రాష్ట్రం దాటి మీ దగ్గరికి చేరుతుంది. మీకు కావాల్సింది తోటపల్లి బ్యారేజీ నుంచి ఎంత నీరు వదులుతున్నారన్న సమాచారం ముందుగా అందడం, మోటార్లూ పశువులూ పైకి తరలించే ఏర్పాటు. స్వర్ణ సబ్-1 దుబ్బు చేసే దశలో పూర్తిగా మునిగినా రెండు వారాల వరకు తట్టుకుంటుంది. కానీ మన తుపానుల్లో ఎక్కువ అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి, అప్పటికి వరి పూతలోనో గింజ పాలుపోసుకుంటూనో ఉంటుంది. ఆ దశలో మునిగితే ఆ రకం కూడా కాపాడలేదు.

ప్రశ్న: పాతపట్నం దగ్గర వాలు నేలలో జీడితోట. ఎర్రమట్టి కొట్టుకుపోయి వేళ్లు బయటపడ్డాయి. వేసిన గట్లు ఏటా తెగుతున్నాయి.

జవాబు: గట్టు తెగిందంటే రెండిట్లో ఒకటి, మట్టం తప్పి వేశారు లేదా మిగులు నీళ్లకు దారి వదల్లేదు. మూడు కర్రలు, ఒక తాడు, ఒక రాయితో A అక్షరం ఆకారంలో మట్టం చూసే ఏ-ఫ్రేమ్ కట్టి సమమట్టం గీత గుర్తించండి, గట్టు ఆ గీత వెంటే పోవాలి, చివర్లో రాళ్లు పరిచిన మత్తడి ఉండాలి. చెట్ల కింద పసరిక జూన్ నుంచి అక్టోబరు వరకు దున్నేయకండి, పెరిగితే కోసి అక్కడే పరవండి. గింజ ఏరడానికి నేల శుభ్రంగా కావాలంటే జనవరి తర్వాత చేసుకోవచ్చు, వానాకాలంలో ఆ శుభ్రమే మీ మట్టిని పోగొడుతోంది. చెట్టుకు దిగువ వైపు అర్ధచంద్రాకారంలో కట్ట వేస్తే బయటపడ్డ వేళ్ల మీదికి మట్టి మళ్లీ చేరుతుంది. చెట్ల మధ్య ఏ పంట వేసినా వాలుకు అడ్డంగానే దున్నండి.

ప్రశ్న: పోయిన వరదకు ఎకరంన్నర మీద ఇసుక మేట వేసింది. తీయించాలా, కలిపి దున్నాలా?

జవాబు: ముందు తీయకండి. నాలుగైదు చోట్ల గుంట తీసి, స్కేలు పెట్టి లోతు కొలిచి ఫోటోలు తీసి, రైతు సేవా కేంద్రంలోనూ వీఆర్వో దగ్గరా నమోదు చేయించండి. విపత్తు సాయం నిబంధనల్లో మేట 3 అంగుళాలు దాటితేనే తొలగింపు సాయం వర్తిస్తుంది, తీసేశాక రుజువుండదు. అంతకంటే తక్కువైతే లోతు దుక్కి చేసి, చెరువు మట్టి, పశువుల ఎరువు దండిగా కలపండి. ఎక్కువైతే తీయించడం తప్పదు, అయితే ఆ ఇసుకను ఊరి బయటికి తోలే ముందు అనుమతి తీసుకోండి. తీసిన మొదటి ఏడు వరికి తొందరపడకుండా, నీటి వసతి ఉంటే రబీలో వేరుశనగ వేయండి. ఆ పంట తీశాక మట్టి పరీక్ష చేయించి, అప్పుడు వరి సంగతి చూసుకోండి.