పుచ్చకాయ తింటూ చైనా కబుర్లు

అత్తయ్య జవాబులు

పోయిన నెల మాటవరసకి ఒక ముక్క రాశాను. మా అక్క మనవరాలు చైనాలో నాన్‌చాంగ్ అనే ఊళ్ళో ఎంబీబీఎస్ చదివిందనీ, ఇప్పటికీ రాత్రి భోజనాలయ్యాక అక్కడివాళ్ళ తగువులు ఫోన్లో చదివి నాకు తెలుగులో చెబుతుందనీ, దాంతో నేను సీరియళ్ళు మానేశాననీ. అంతే. ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ వచ్చిపడ్డాయి. కొబ్బరిచెట్టుకి తెల్లదోమ పట్టిందని రాసినాయన కూడా చివర్లో చైనా మీద ఒక ప్రశ్న తగిలించాడు. సరే, ఈ నెలంతా అవే. తెల్లదోమ వచ్చే నెల.

ప్రశ్న: అత్తయ్యగారూ, చైనాలో ఫేస్‌బుక్కూ వాట్సాపూ ఉండవంట కదండి. మరి వాళ్ళు కబుర్లు ఎక్కడ చెప్పుకుంటారు? (ఒక కిరాణా వ్యాపారి, రావులపాలెం)

జవాబు: ఉండవు నాయనా. ఫేస్‌బుక్‌ని 2009లోనే ఆపేశారు. అయినా కబుర్లకి అరుగు కావాలి గానీ అది ఎవరి అరుగైతేనేం? ఇంట్లోవాళ్ళతో మాటలూ, ఆఫీసు గ్రూపులూ, కూరలావిడకి డబ్బులూ అన్నీ వీచాట్‌లో. ఊరందరి ముందూ తగువు పడాలంటే వైబో. అందులో 'హాట్ సెర్చ్' అని యాభై వరసల జాబితా ఒకటి ఉంటుంది. పొద్దున్న పైనున్న గొడవ మధ్యాహ్నానికి కిందకి పోతుంది. చిన్న వీడియోలకి డౌయిన్. మన దగ్గర 2020లో ఆపేసిన టిక్‌టాక్‌కి అది అన్న. బట్టలూ, వంటలూ, అత్తగారి మీద చాడీలూ కావాలంటే షియావోహోంగ్‌షు. ఆ పేరుకి 'చిన్న ఎర్ర పుస్తకం' అని అర్థం.

ఏం మాట్లాడుకుంటారంటావా? 2018లో జినాన్ నుంచి బీజింగ్ వెళ్ళే రైల్లో ఒకాయన ఒకమ్మాయి సీట్లో కూర్చుని లేవనన్నాడు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. 200 యువాన్ల జరిమానా వేసి, కొన్నాళ్ళు రైలెక్కకుండా చేశారు. మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలేసి సీటు ఆపుకునేవాళ్ళని అక్కడికి పంపితే ఏమయ్యేదో!

ఇలాంటి తగువుల్లో జోక్యం చేసుకోకుండా పక్కన నిలబడి చూసేవాళ్ళకి అక్కడ ఒక పేరుంది: 'పుచ్చకాయ తినే జనం'. ఎవరిదైనా సంసారం వీధిన పడితే 'పెద్ద పుచ్చకాయ దొరికింది' అంటారు. నాకు ఆ మాట భలే నచ్చింది. మా ఇంట్లో ఆ పూట మోరి జీడిపప్పు తింటాం గానీ, పని అదే.

ప్రశ్న: మా తోడల్లుడి కూతురి పెళ్ళికి 1,116 చదివించాను. 'మన అబ్బాయి పెళ్ళికి వాళ్ళు 2,116 రాయించారు' అని నా భార్య మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. చైనాలోనూ ఈ గొడవలు ఉన్నాయా? (ఒక రొయ్యల రైతు, భీమవరం)

జవాబు: మీ ఆవిడ లెక్కే కరెక్టండి. ముందు మిగతా వెయ్యీ పంపించి, అప్పుడు కింద చదవండి.

ఉన్నాయి. అక్కడ ఎర్ర కవరులో పెట్టి ఇస్తారు. పెళ్ళి హాలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న మనిషి పేరూ అంకే పుస్తకంలో ఎక్కిస్తాడు. మనవాళ్ళు మైకులో చదివేవారు కాబట్టి చదివింపులన్నాం. అక్కడ మైకు లేదు గానీ పుస్తకం మాత్రం మన పుస్తకమే. రేపు వాళ్ళింట్లో పెళ్ళయితే ముందు తీసేది దాన్నే. 'ఇద్దరి పేరు మీద 200 పెట్టి, ఆరుగురొచ్చి తిని, మిగిలినవి డబ్బాల్లో కట్టుకుపోయారు' అని ఒకరు రాస్తే చాలు, కింద వేలమంది పోగవుతారు.

అంకెల పట్టింపు మనకంటే ఎక్కువ. శుభానికి సరిసంఖ్యే ఉండాలి. బేసి చావింటికి. నాలుగు వద్దు, ఆ మాట పలికితే చావులా వినబడుతుంది. 250 అసలు కూడదు, వాళ్ళ భాషలో అది తింగరోడా అని తిట్టడం.

మా పిల్ల హాస్టల్‌ని చూసుకునే ఆవిడ కూతురి పెళ్ళికి, ఇంటి అలవాటు కొద్దీ, కవరులో 116 యువాన్లు పెట్టిందట. పుస్తకం రాసే ముసలాయన నోట్లు బల్ల మీద పరిచి, రెండుసార్లు లెక్కపెట్టి, 'ఈ పదహారు పొరపాటున వచ్చాయా అమ్మా' అని వెనక్కివ్వబోయాడట. మా దేశంలో సున్నాతో ఆపకూడదు తాతగారూ అని ఇది వచ్చీరాని చైనీసులో చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, సరిసంఖ్యే, నాలుగు లేదు, చివర్లో ఆరు కలిసొచ్చే అంకె అని తేల్చుకుని రాసుకున్నాడట. అంటే మన నూటపదహార్లు అక్కడా చెల్లుతాయి.

ప్రశ్న: చైనాలో మగపిల్లాడివాళ్ళే ఆడపిల్లకి ఎదురు డబ్బిస్తారని విన్నాను. నిజమేనా అత్తయ్యా? అయితే నేను అక్కడ పుట్టాల్సింది. (ఒక డిగ్రీ విద్యార్థిని, తణుకు)

జవాబు: నిజమే తల్లీ. దాన్ని 'చాయ్‌లీ' అంటారు. మన దగ్గర కూడా ఓలి అని ఇచ్చేవాళ్ళు, మీ ముత్తవ్వ ఉంటే చెప్పేది. తరవాత గాలి ఎటు తిరిగిందో నీకు తెలుసు. 1961లో కట్నం వద్దని చట్టం చేసినా మన డెల్టాలో ఎకరాల్లో మాట్లాడుకోవడం మానలేదు.

అక్కడ పిల్ల దొరకడమే కష్టం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆడవాళ్ళకంటే మగవాళ్ళు దాదాపు 3.5 కోట్లు ఎక్కువ. ఒక్కరే బిడ్డ అన్న రోజుల్లో మగబిడ్డ కోసం చేసుకున్న నిర్వాకం అది. దాంతో పల్లెటూరి కుర్రాడి తండ్రి అప్పు చేసి చాయ్‌లీ కడతాడు. కొన్నాళ్ళకే విడిపోతే డబ్బు వెనక్కివ్వమని కోర్టుకెక్కుతారు. ఈ కేసులు ఎక్కువై, ఎప్పుడు తిరిగివ్వాలి, ఎప్పుడు అక్కర్లేదు అన్నదానికి వాళ్ళ సుప్రీంకోర్టు కొత్త నియమాలు పెట్టింది. 2024 ఫిబ్రవరి 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి.

ఆడపిల్లలు ఇంకో మాట అంటారు. 'ఇంతిచ్చి తెచ్చుకున్నాం, ఇంక మా మాట వినాలి కదా' అంటుందట అత్తగారు. ఇచ్చి వెళ్ళినా, తీసుకుని వెళ్ళినా ఆ మాట తప్పడం లేదన్నమాట. 2023లో 76 లక్షలకి పైగా పెళ్ళిళ్ళు రిజిస్టరైతే, 2024లో 61 లక్షలకి పడిపోయాయి. పిల్లలు ఊరుకున్నా తల్లులు ఊరుకోరుగా! షాంఘైలో పీపుల్స్ పార్కు అని ఉంది. శని ఆదివారాల్లో అమ్మానాన్నలు గొడుగులు తెరిచి నేలమీద పెట్టి, వాటికి కొడుకు వయసూ, ఎత్తూ, జీతమూ, ఇల్లుందో లేదో రాసిన కాయితం క్లిప్పు పెట్టి కూర్చుంటారు. చాలాసార్లు ఆ పిల్లలకే తెలియదట. నువ్వు అక్కడ పుట్టినా మీ అమ్మ గొడుగు వేసుకుని కూర్చునేదే.

ప్రశ్న: అక్కడ ప్రభుత్వాన్ని ఏమైనా అంటే? (యానాం నుంచి ఒకరు)

జవాబు: రాసింది మాయమైపోతుంది. మీటింగుల్లో వినబడే 'సామరస్యం' అన్న మాటా, ఏటి పీత అన్న మాటా వాళ్ళ భాషలో దగ్గరగా పలుకుతాయి. అందుకని ఎవరి పోస్టైనా ఎగిరిపోతే 'పీత పట్టుకుపోయింది' అనుకుంటారు. పీత సంగతి యానాం వాళ్ళకి నేను చెప్పాలా?

ప్రశ్న: అత్తయ్యగారికి నమస్కారం. చైనాలో ఒక సిటీ అమ్మాయి కాబోయే అత్తవారింట్లో పండగ భోజనం చూసి అర్ధరాత్రి పారిపోయిందని ఒక వీడియోలో చెప్పారు. మా స్టాఫ్‌రూంలో రెండు రోజులు ఇదే చర్చ. అమ్మాయిది పొగరని సగం మంది, చెప్పకుండా తీసుకెళ్ళిన అబ్బాయిదే తప్పని సగం మంది. మీరేమంటారు? (ఒక టీచరు, మండపేట)

జవాబు: ఇది పాతదే మాస్టారూ, ఇప్పుడు మళ్ళీ వేడిచేసి వడ్డిస్తున్నారు. 2016 ఫిబ్రవరిలో, వాళ్ళ కొత్త సంవత్సరం పండక్కి ముందు జరిగింది. నేను షాంఘై పిల్లనీ, ప్రేమించిన అబ్బాయితో జియాంగ్‌షీలోని వాళ్ళ పల్లెకి మొదటిసారి వచ్చాననీ, మొదటి పూట అన్నం చూసేసరికి వాంతికొచ్చినంత పనైందనీ, విడిపోయి వెళ్ళిపోతున్నాననీ ఒకావిడ రాసింది. మసక వెలుగులో బల్ల మీద కూరల ఫొటో ఒకటి పెట్టింది. ఇంకేం, పండగ మానేసి దేశమంతా మీ స్టాఫ్‌రూం అయింది. ఊరు గొప్పా, పట్నం గొప్పా, పేదింటి అబ్బాయిని చేసుకోవచ్చా? పెద్ద పెద్ద పత్రికలు కూడా రాశాయి.

నాన్‌చాంగ్ ఆ జియాంగ్‌షీకే రాజధాని. మా పిల్ల అప్పుడు మొదటి ఏడాది. సెలవులకి హాస్టల్ ఖాళీ. నేను చెప్పానే, హాస్టల్ చూసుకునే ఆవిడ, ఆవిణ్ణి అందరూ 'ఆయీ' అంటారట, మన పిన్నిలాంటి పిలుపు. ఆయీది ఆ చుట్టుపక్కల పల్లే. పండగ నాడు ఇంటి నుంచి స్టీలు డబ్బాలో వండిన చేప తెచ్చి మా పిల్లకి పెట్టి, ఫోన్ తీసి ఆ ఫొటో చూపించి, వేలితో ఒక్కొక్క గిన్నే ముట్టుకుంటూ 'ఇంతకంటే ఏం పెడతారు? నువ్వు చెప్పు' అని అడిగిందట. మా పిల్లకి అప్పటికి చైనీసులో వచ్చినవి నలభై మాటలు. 'బాగుంది, బాగుంది' అంటూ చేపంతా తినేసిందట.

రెండు వారాలు పోయాక బయటపడింది, అంతా కట్టుకథ. ఆవిడ షాంఘై మనిషే కాదు, ఆ పక్క రాష్ట్రం. పెళ్ళికాని పిల్లా కాదు. పండక్కి అత్తవారింటికి వెళ్ళనని మొగుడితో గొడవపడి, ఒక్కతే ఇంట్లో కూర్చుని అదంతా రాసింది. ఇంకా విచిత్రం, 'ఆ అబ్బాయిని నేనే' అని జవాబు రాసినవాడు ఒకడున్నాడు. వాడికీ ఆవిడకీ ముఖపరిచయం కూడా లేదు! ఇప్పుడైతే ఇంత దూరం వచ్చేది కాదు. 2022 నుంచి అక్కడ ఎవరు ఏం రాసినా పక్కనే ఏ రాష్ట్రం నుంచి రాస్తున్నారో పడుతోంది.

అబద్ధమని తెలిశాక అందరూ ఆవిణ్ణి తిట్టిపోశారు. ఆయీ మాత్రం 'పండగ పూట ఆ పిల్ల ఏం తిందో' అందట.

నేను కోనసీమలో ఒక చిన్న ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఆరేళ్ళు ఆపరేటర్‌గా చేశాను. ప్లగ్గులు గుచ్చి ట్రంకు కాల్ కలపాలి, గడువైతే 'త్రీ మినిట్స్ ఓవర్' అనాలి. మధ్యలో వినకూడదు. విన్నాను. ఒకావిడ ప్రతి గురువారం హైదరాబాదులో ఉన్న వాళ్ళక్కకి చేసేది. ఎప్పుడూ ఒకటే సంగతి. 'మా పక్కింటి పిల్ల ఉందే, మళ్ళీ రాత్రంతా ఏడ్చిందే అక్కా. అన్నం కూడా పెట్టలేదట.' ఏడాదిపాటు నేనూ ఆ పక్కింటి పిల్ల మీద బెంగపెట్టుకున్నాను. ఒకసారి ఏదో పేరంటానికి వాళ్ళ వీధికి వెళ్ళి, ఆవిడ ఇల్లు ఇదేనని ఎవరో చూపిస్తే ఆగి చూశాను. ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరితోట. పక్కిల్లు లేదు.

ఆ తరవాత ఆవిడ కాల్‌కి మూడు నిమిషాలైనా నేను అడ్డు రాలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా, ఇన్నాళ్ళకి మీకు చెబుతున్నాను. అందుకని మాస్టారూ, నా ఓటు ఆ అమ్మాయికీ కాదు, అబ్బాయికీ కాదు. వాళ్ళిద్దరూ లేరు. ఉన్నది ఆ రాసినావిడ ఒక్కతే. ఆవిడ గురించి మీ స్టాఫ్‌రూంలో ఎవరైనా ఏమైనా అన్నారా?

ప్రశ్న: అత్తయ్యగారూ, నాకో ఫ్రెండ్ ఉందండి. పెళ్ళయి రెండేళ్ళు. ఈ సంక్రాంతికి అత్తవారింటికి వెళ్ళనంటోంది. కిందటేడు భోగి నాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పద్దెనిమిది మందికి వండి వడ్డించి, తను కూర్చునేసరికి మూడు దాటింది. పనసపొట్టు కూరంటే తనకి ప్రాణం. గిన్నె అడుగున రెండు ఎండుమిరపకాయలూ, ఆవాల నూనే మిగిలాయి. వాళ్ళాయన పక్క గదిలో పేకాడుతున్నాడు. చెప్పినా అతనికి అర్థం కాదు. తనకి ఏం చెప్పమంటారు? (పేరు వద్దండి, అమలాపురం)

జవాబు: మీ ఫ్రెండ్‌కి చెప్పండమ్మా, మొగుడికి అర్థం కాదని ముందే అనుకోవద్దని. 'మీవాళ్ళు ఇలా, మీవాళ్ళు అలా' అని మొదలుపెడితే ఎవరికీ అర్థం కాదు. 'నేను కూర్చునేదాకా మీరు కూర్చోకండి, నాతో కలిసి తినండి' అని ఆ ఒక్క ముక్కే అడిగి చూడమనండి. అదీ పండగ ముందు అడగాలి, భోగిమంట దగ్గర కాదు. సరేనంటే వెళ్ళమనండి. పేకముక్కలు కింద పెట్టనంటే, భోగికీ సంక్రాంతికీ మానేసి కనుమకి పొద్దున వెళ్ళి ప్రభలు చూసి సాయంత్రం వచ్చెయ్యమనండి. లోకం ఏమీ తలకిందులైపోదు.

రెండూ కుదరకపోతే మా ఇల్లుంది. అడ్రసు పత్రిక ఆఫీసులో అడిగితే ఇస్తారు. భోగి నాడు పనసపొట్టు ఆవపెట్టి చేస్తాను, జీడిపప్పు కూడా వేస్తాను. పన్నెండున్నరకల్లా వడ్డించేస్తాను. ఒక్క విస్తరే వేసి ఉంచుతాను, మీ ఫ్రెండ్‌ని వెంటబెట్టుకుని రావాల్సిన పని లేదు.