పాత డొమైన్ కొంటే గూగుల్‌లో పైకొస్తామా?

ప్రశ్న: అన్నా, మాది శ్రీకాళహస్తి, ఇంట్లో అందరూ కలంకారీ పనే. రెండేళ్ల కింద వెబ్‌సైట్ పెట్టి చీరలు, దుపట్టాలు అమ్ముతున్నా కానీ గూగుల్‌లో వెతికితే ఐదో పేజీలో కూడా కనపడం. తిరుపతిలో ఒకాయన, ఎక్స్‌పైర్ అయిన పాత డొమైన్ (సైట్ అడ్రస్ పేరు) ఒకటుంది, డీఏ (డొమైన్ అథారిటీ, సైట్ బలానికి వేసే మార్కు) 38, దాన్ని కొని, తెరిచినోళ్లు మీ సైట్‌కే వచ్చేట్టు రీడైరెక్ట్ చేస్తే నెలలో మొదటి పేజీకొస్తారు, 35 వేలు ఇవ్వండి అంటున్నాడు. డొమైన్ పేరు కూడా రాసి పంపిస్తున్నా. కొనమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ, ఆ 35 వేలు ఇంట్లో పెట్టుకో.

ఆయన చెప్పేదాంట్లో అసలు విషయమే లేదని కాదు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో పెట్టినప్పటి నుంచీ గూగుల్ ఒక సైట్‌కి మిగతా సైట్లు ఇచ్చే లింకుల్ని లెక్కలోకి తీసుకుంటూనే ఉంది. ఎవరైనా డొమైన్ రెన్యూ చేయకుండా వదిలేస్తే సైట్ పోతుంది గానీ ఆ లింకులు ఎక్కడివక్కడే ఉంటాయి కదా, ఆ పరపతి మనం వాడుకుందాం అన్నది వీళ్ల లెక్క.

కానీ స్థలం కొనేముందు ఈసీ తీయిస్తాం కదా, ఇదీ అంతే. నువ్వు పంపిన పేరు వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి చూశా, పాత సైట్లు ఏ రోజు ఎట్ల ఉన్నాయో ఆడ ఊరికే చూడొచ్చు. 2011 నుంచి 2017 దాకా అది కంటి వైద్యం చేసే ఒక సేవా సంస్థది, ఏ ఊర్లో ఏ తేదీన క్యాంపో పట్టిక, ఆపరేషన్ అయిన పెద్దోళ్లు పచ్చగుడ్డ కట్టుకోని వరసగా కూర్చున్న ఫోటో. తర్వాత కొన్నాళ్లు ఖాళీ పేజీ. 2021లో చూస్తే మొత్తం జపాన్ అక్షరాల్లో వాచీలు, బ్యాగుల అమ్మకం. నాకైతే కడుపు రగిలిపోయింది, ఆ ముసలోళ్ల నమ్మకంతో వచ్చిన పేరు అది, దాంతో ఎవడో వాచీలు అమ్ముకున్నాడు, ఇప్పుడు దాన్నే ఈ తిరుపతాయన నీకు అంటగడుతున్నాడు.

ర్యాంకు కోసం ఇట్లా పాత డొమైన్లు కొని వాడుకోవడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ నియమాల్లో పేరు పెట్టి మరీ చేర్చింది. వాళ్లిచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చం ఇట్లాంటిదే, వైద్య సేవా సంస్థ పాత డొమైన్ మీద మందులూ అవీ అమ్మడం. ఇంకోటి చిన్నపిల్లల స్కూల్ డొమైన్ మీద క్యాసినో. ఆ డొమైన్‌కి ముందే మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులే చూసి వేసే శిక్ష) పడిందా లేదా అన్నది సైట్ ఓనర్లకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఉంటుంది, అది చూడాలంటే డొమైన్ నీ చేతిలో ఉండాలి, అంటే డబ్బు కట్టినాకే తెలుస్తుంది. ఇంక డీఏ అనేది మాజ్ అనే కంపెనీ వేసుకునే మార్కు, గూగుల్‌ది కాదు, చెత్త లింకులు గుప్పించి కూడా దాన్ని పెంచుతారు.

పాత డొమైన్ కొనడమే తప్పని కాదు, నచ్చిన పేరు దొరికి దాని మీద జనానికి పనికొచ్చే సొంత సైట్ కడితే గూగుల్‌కి అభ్యంతరం లేదు.

నీ సైట్ చూశా. చీర ఫోటో, రేటు, వాట్సాప్ నంబర్, అంతే ఉంది. గుడ్డని కరక్కాయ, పాలల్లో ఎందుకు నానబెడతారు, తుప్పు ఇనుము బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరితే నలుపు ఎట్లొస్తుంది, పటిక ఎక్కడ పూస్తే ఎరుపు అక్కడే ఎందుకు పడుతుంది, ఇవన్నీ మీ అమ్మకి నోటికొచ్చు కదా, ఆమె వెదురు కలం పట్టుకోని గీస్తుంటే వీడియో తీసి, ఆమె చెప్పినట్టే రాసి పెట్టు. స్క్రీన్ ప్రింట్‌ని కలంకారీ అని నమ్మి మోసపోయినోళ్లు వెతికేది ఇదే, బట్టల మీద రాసేవాళ్లు లింక్ ఇచ్చేదీ ఇట్లాంటి పేజీకే. నెలలో రాదు, టైం పడుతుంది.

ఇంకోటి, నీ డొమైన్ ఆటో రెన్యూలో ఉందో లేదో ఇవాళే చూడు. డాట్ కామ్ అయితే గడువు దాటినాక రిజిస్ట్రార్‌ని (డొమైన్ అమ్మిన కంపెనీని) బట్టి 45 రోజుల దాకా ఆగుతుంది, ఆమీద 30 రోజులు జరిమానాతో విడిపించుకోవచ్చు, తర్వాత 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు, ఆరో రోజు నీ డొమైన్ ఎవడైనా కొనుక్కోవచ్చు.