52 ఏళ్ల అకౌంటెంట్‌కి ఇంటర్వ్యూ కాల్స్ రాకపోతే
ఎన్ని అప్లికేషన్లు పెట్టినా ఒక్క కాల్ కూడా రావట్లేదంటే, మీ పని చూడకముందే రిక్రూటర్లు వయసు లెక్కేసి పక్కన పెడుతుండొచ్చండి. “టెన్త్, 1988” అన్న ఒక్క లైన్ చాలు వాళ్లకి.

1. రెజ్యూమెలో చదువు సంవత్సరాలు తీసేయండి. చివరి 12 ఏళ్ల పని చాలు. జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్, టాలీ ప్రైమ్ (అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్) లాంటివి రెజ్యూమె మొదట్లోనే కనిపించేలా పెట్టండి.

2. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. రెజ్యూమె మారుతుంది కానీ, జాబ్ సైట్ ప్రొఫైల్ పాతదే ఉంటుంది. రిక్రూటర్లు వెతికేది ఆ ప్రొఫైల్‌నే. హెడ్‌లైన్‌లో “28 ఏళ్ల అనుభవం” ఉంటే తీసి, మీరు చేయగలిగే పని రాయండి. లింక్డిన్‌లో చదువు సంవత్సరాలు ఖాళీగా వదిలేయొచ్చు.

3. పాత కంపెనీ ఆడిటర్‌కి ఫోన్ చేయండి. నమ్మకమైన అకౌంటెంట్ ఏ క్లయింట్‌కి కావాలో ఆయనకే ముందు తెలుస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా మంచి దారి ఇదే.

వయసు అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి.