పేపర్ ఉద్యోగం వదిలి హక్కుల సంస్థలోకి వెళ్తున్నా, పీఎఫ్ తీసేయనా?

ప్రశ్న: విజయవాడలో ఒక దినపత్రికలో 12 ఏళ్లుగా రిపోర్టర్‌ని, జీతం 62 వేలు. ఒక మానవ హక్కుల సంస్థ లాకప్ మరణాల కేసుల మీద పనిచేయడానికి రమ్మంటోంది. నెలకు 45 వేలు, ఏడాది కాంట్రాక్టు. మావారు ప్రైవేటు కాలేజీ లెక్చరర్, 38 వేలు వస్తాయి, ఆయనకు షుగర్ ఉంది. హోమ్ లోన్ ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 55 వేలు. ఎఫ్‌డీ 4 లక్షలు, పీఎఫ్ 9 లక్షలు ఉన్నాయి. పీఎఫ్ తీసి లోన్ కొంత కట్టేసి వెళ్దామనుకుంటున్నా, సరేనా?

జవాబు: వెళ్లండి. పీఎఫ్ జోలికి మాత్రం పోవద్దు.

జీతం 17 వేలు తగ్గుతుందని మీ టెన్షన్. కానీ ఇద్దరిదీ కలిపితే ఇంకా 83 వేలు వస్తాయి, ఇల్లు గడిచిపోతుంది. అసలు చూడాల్సింది ఆ 45 వేలు ఎవరి డబ్బు, ఎన్నాళ్లు వస్తుంది అన్నది. విదేశీ విరాళాల మీద నడిచే సంస్థలకు 2020లో ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సవరణ వచ్చాక ఆ డబ్బులో ఆఫీసు ఖర్చులకు వాడుకునే పరిమితి 50 నుంచి 20 శాతానికి పడిపోయింది, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వడం కూడా కుదరదు. అదే ఏడాది సెప్టెంబరులో బ్యాంకు ఖాతాలు స్తంభించిపోవడంతో ఆమ్నెస్టీ ఇండియా అనే పెద్ద హక్కుల సంస్థ పనులే ఆపేసింది, సిబ్బంది మొత్తాన్ని పంపేయాల్సి వచ్చింది. కాబట్టి నా జీతం ఏ ప్రాజెక్టులోంచి, అది ఏ నెలతో అయిపోతుంది అని అడగండి, రెండు నెలల నోటీసు కాగితం మీద రాయించుకోండి. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పే ఉద్యోగం వదులుకున్న హక్కుల నాయకుడు బాలగోపాల్ లాంటివాళ్లను తలుచుకుని, ఇలాంటి చోట జీతం గురించి అడిగితే బాగోదని ఊరుకుంటారు చాలామంది. అడగండి, మీరు రిపోర్టరే కదా!

రేపు కాంట్రాక్టు ఆగిపోయిందే అనుకుందాం. నెలకు 17 వేలు లోటు. మీ ఎఫ్‌డీ దాదాపు రెండేళ్లు లాగుతుంది. అందుకే దాన్నీ కదపొద్దంటున్నా. పీఎఫ్‌కి 2024-25లో 8.25 శాతం వడ్డీ ఇచ్చారు, మానేశాక చేరే వడ్డీకి పన్ను పడుతుంది, అయినా సరే, ఉంచుకోవడమే మేలు, లోన్‌లో పోసిన డబ్బు అవసరానికి మళ్లీ చేతికి రాదు. సర్వీసు పదేళ్లు దాటింది కాబట్టి పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ వాటాకి స్కీమ్ సర్టిఫికెట్ (మీ సర్వీసు కాలాన్ని చూపే పత్రం) తీసుకోండి, పెన్షన్ లెక్కకు తీసుకునే జీతం పరిమితి 15 వేల మీద లెక్కేస్తే 58 ఏళ్లకు నెలకు 2,570 రూపాయల దాకా వస్తుంది. చిన్న మొత్తమే, వదులుకోవడం దేనికి? గ్రాట్యుటీ కూడా మర్చిపోకండి, ఆ లెక్కకు తీసుకునే నెల జీతం 26 వేలు ఉంటే 12 ఏళ్లకు 1,80,000. లోన్‌లో కట్టాలనే ఉంటే అది కట్టండి.

ఉద్యోగిగా కాకుండా కన్సల్టెంటుగా తీసుకుంటే 10 శాతం టీడీఎస్ కోస్తారు, మీ ఆదాయానికి కొత్త పన్ను విధానంలో పన్ను పడదు, రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది.

నాకు భయమల్లా మీవారి షుగర్ గురించే. రాజీనామాతో ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ పోతుంది, విలేకర్లకు ప్రభుత్వం ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు మీద వచ్చే హెల్త్ స్కీమూ పోతుంది. విడిగా పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. గ్రూప్ పాలసీ ఇచ్చిన కంపెనీలోనే ఫ్యామిలీ పాలసీకి మారితే ఇప్పటిదాకా గడిచిన కాలం కలిసొస్తుంది. ఈ వారమే హెచ్‌ఆర్‌లో పాలసీ నంబరు తీసుకుని అప్లై చేయండి, షుగర్ సంగతి దాచకుండా రాయండి, పాలసీ చేతికొచ్చాకే రాజీనామా లెటర్ ఇవ్వండి.