షాట్ మధ్యలో ముఖం రంగు ఎందుకు మారుతోంది?

ప్రశ్న: ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాను. నటుడు కిటికీ దగ్గర్నుంచి గది లోపలికి నడుస్తుంటే ముఖం రంగు మారిపోతోంది. ఫోకస్ ముందుకీ వెనక్కీ ఊగుతోంది. లైట్ల కింద చారలు కనిపిస్తున్నాయి. కొత్త కెమెరా కొనాలా? డబ్బు కట్టాల్సిన ప్రో కెమెరా యాప్‌ ఏపీకేని (యాప్ స్టోర్ లేకుండా నేరుగా వేసుకునే ఫైల్) ఒక ఫ్రెండ్ ఉచితంగా పంపాడు. అది వేసుకుంటే సరిపోతుందా?

కెమెరా కొనకండి. ఆ ఏపీకే అసలే వద్దు.

ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. అందరి ఇబ్బందీ ఒక్కటే, ఆటో మోడ్. వెలుతురు మారిన ప్రతిసారీ ఫోన్ తన లెక్క మార్చుకుంటుంది. ఫొటోకి అది మేలే కానీ, షాట్ మధ్యలో జరిగితే సీన్ పాడవుతుంది. అందుకే ఫోకస్, ఎక్స్‌పోజర్ (బొమ్మ ఎంత వెలుగ్గా ఉండాలన్నది), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగు సరిచేసేది) మూడింటినీ రికార్డింగ్‌కి ముందే లాక్ చేయండి. వైట్ బ్యాలెన్స్‌ని పగటి వెలుతురుకి 5600 కెల్విన్ (వెలుతురు రంగుని చెప్పే కొలత), పసుపు బల్బులకి 3200 దగ్గర మొదలుపెట్టండి.

చారలకు కారణం షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి కెమెరా వెలుతురు తీసుకునే సమయం. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి, మన కంటికి తెలియదంతే. షట్టర్‌ని 1/50 లేదా 1/100 సెకనులో ఉంచితే చాలావరకు పోతాయి. సెకనుకి 24 ఫ్రేముల్లో తీసేవాళ్లకి 1/50 ఇంకో మేలు చేస్తుంది: చెయ్యి ఊపినప్పుడు సినిమాలో చూసినట్టు సహజంగా మసకబారుతుంది. అయితే ఎండలో 1/50 పెడితే బొమ్మంతా తెల్లబడుతుంది. చాలా ఫోన్లలో ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మార్చే వీలు లేదు కాబట్టి లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే ముదురు అద్దం) పెట్టాల్సిందే. ఎన్‌డీ64 అయితే వెలుతురులో 64వ వంతే లోపలికి వస్తుంది.

ఇక ఆ ఏపీకే. నాకు నిజంగా భయం వేసేది దీని గురించే. డబ్బు కట్టే యాప్‌ని ఎవరో విప్పి, మార్చి, మళ్లీ ప్యాక్ చేశారు. లోపల ఇంకేం కలిపారో మీ ఫ్రెండ్‌కీ తెలియదు. వీడియో తీసే యాప్‌కి కెమెరా, మైక్, స్టోరేజ్ కావాలి. ఎస్సెమ్మెస్‌లు చదువుతానన్నా, యాక్సెసిబిలిటీ (చూపు, కదలికల్లో ఇబ్బంది ఉన్నవాళ్లకి ఫోన్ వాడటంలో సాయపడే సెట్టింగ్) ఆన్ చేయమన్నా అది కెమెరా కోసం కాదు. యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే మీ స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఎస్సెమ్మెస్ కూడా ఇస్తే బ్యాంకు ఓటీపీ దాని చేతిలో ఉన్నట్టే. ఇప్పటికే వేసి, ఆ పర్మిషన్లు ఇచ్చి ఉంటే ముందు నెట్ ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి, పాస్‌వర్డులు మార్చండి. వీడియో ఫైళ్లు మాత్రమే కంప్యూటర్‌లోకి తీసుకుని ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. యాప్ తీసేస్తే చాలనుకోవద్దు.

ఆ ఫైళ్ల గురించి ఇంకో మాట. క్లౌడ్‌తో సింక్ అయ్యే గ్యాలరీలో వీడియో డిలీట్ చేస్తే సాధారణంగా క్లౌడ్‌లోనూ పోతుంది. సింక్ అంటే బ్యాకప్ కాదు. రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేసి, ఫైళ్లు తెరిచి చూశాకే ఫోన్ ఖాళీ చేయండి.

అసలు ఈ దొంగ యాప్‌ల దాకా జనాన్ని తోస్తున్నది ఫోన్ల డిజైనే. ఫొటో మోడ్‌లో షట్టర్, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలన్నది) అన్నీ ఇస్తారు. వీడియోకి వచ్చేసరికి చాలా ఫోన్లలో అవి ఉండవు, ఉన్నా మూడు మెనూల కింద దాచిపెడతారు. జూమ్ చేస్తుంటే అడక్కుండా లెన్స్ మార్చేస్తారు, దాంతో రంగు కూడా మారుతుంది. మసక వెలుతురులో ఫ్రేమ్ రేటు తగ్గించేస్తారు, ఎడిటింగ్‌లో మాట ఒకచోట, పెదవులు ఒకచోట ఉంటాయి. ఇవన్నీ కష్టపడి సరిచేసుకున్నాక ఒక్క అప్‌డేట్ వచ్చి సెట్టింగులను మొదటికి తెస్తుంది. వాడేవాడు ఎంచుకున్న సెట్టింగ్‌ని చెప్పకుండా మార్చే హక్కు ఏ కంపెనీకీ లేదు. షూటింగ్ మొదలయ్యే ముందు రోజు ఆటో అప్‌డేట్లు ఆపేయండి. మర్నాడు నటులు రాకముందే ఒక పది సెకన్ల టెస్ట్ షాట్ తీసి, పెద్ద స్క్రీన్ మీద చూసుకోండి.