క్లోద్ కాహూన్ సొంత ఫొటోల్లో కనిపించేది ఆడమనిషా, మగమనిషా?

ఏదో ఒకటి తేల్చేయాలన్న మన తొందరనే ఆ ఫొటోలు ఆటపట్టిస్తాయి. రచయిత, ఫొటో కళాకారులు అయిన కాహూన్ 1894లో ఫ్రాన్స్‌లోని నాంత్‌లో పుట్టారు. పుట్టినప్పటి పేరు లూసీ ష్వాబ్. తర్వాత ఆడా మగా ఇద్దరికీ చెల్లే క్లోద్ అన్న పేరు ఎంచుకున్నారు. నపుంసక లింగమొక్కటే తనకు ఎప్పుడూ నప్పుతుందని 1930లో వచ్చిన పుస్తకంలో రాశారు కూడా.

1928 ప్రాంతపు అద్దం ఫొటో చూడండి. పొట్టి క్రాపు, గళ్ల కోటు, చేత్తో పట్టుకున్న కాలరు. అద్దం ముందు ఆడవాళ్లు తమ అందం చూసుకుంటున్నట్టు గీయడం యూరప్ చిత్రకళలో పాత అలవాటు. కాహూన్ అద్దానికి మొహం తిప్పేసి సూటిగా కెమెరాలోకి చూస్తారు. ప్రతిబింబం చూపు మాత్రం ఇంకెటో ఉంటుంది.

1927 నాటి వస్తాదు వేషం మరీ చిలిపిది: ఒళ్లో బరువులెత్తే కడ్డీ, పెదాలకు రంగు, బుగ్గల మీద హృదయం గుర్తులు. మగతనం, ఆడతనం రెండూ వేసుకునే వేషాలేనని ఇంత సరదాగా చూపినవాళ్లు తక్కువ.

అన్నట్టు, వీటిని సెల్ఫీలు అనడం నాకు నచ్చదు. చాలావాటికి కెమెరా వెనక ఉన్నది జీవిత భాగస్వామి మార్సెల్ మూర్ అని పరిశోధకులు భావిస్తారు.